చివరి సభ్యుడి తరువాత: గ్రాండ్ ఆర్మీ దస్త్రాలపై సంవాదం

గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) యూనియన్ పక్షాన పోరాడిన మాజీ సైనికుల సంఘం. సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన బెంజమిన్ స్టీఫెన్సన్ 1866 ఏప్రిల్ 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్‌లో దాని తొలి శాఖను నెలకొల్పాడు. ఊళ్లోని శాఖను పోస్టు అనేవారు. ఒక రాష్ట్రంలోని పోస్టులన్నీ కలిస్తే డిపార్ట్‌మెంట్. ఏటా దేశం నలుమూలల ప్రతినిధులు కలిసే మహాసభకు నేషనల్ ఎన్‌క్యాంప్‌మెంట్ అని పేరు. యుద్ధంలో మరణించినవారి సమాధులపై మే 30న పూలు ఉంచాలని 1868లో సంఘాధ్యక్షుడు జాన్ లోగన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఇప్పటి మెమోరియల్ డే దేశమంతటా వేళ్లూనుకున్నది ఆ ఉత్తర్వుతోనే. 1890 నాటికి సభ్యులు నాలుగు లక్షలు దాటారు.

యూనియన్ సైన్యంలోనో నౌకాదళంలోనో పనిచేసి, గౌరవప్రదంగా విడుదలైనవారికే ఇందులో చోటు. తండ్రి సభ్యత్వం కొడుక్కి రాదు. అందువల్ల చేరగలిగినవారి ఆయుష్షే సంఘం ఆయుష్షు అయింది. 1949లో ఇండియానాపొలిస్‌లో జరిగిన చివరి మహాసభకు ఆరుగురు వృద్ధులు హాజరయ్యారు. 1956 ఆగస్టు 2న మిన్నెసోటా రాష్ట్రం డులూత్ నగరంలో ఆల్బర్ట్ వూల్సన్ కన్నుమూయడంతో సభ్యుడన్నవాడు మిగల్లేదు. జాతీయ కార్యాలయం దస్త్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, జెండాలు, పతకాలు, అధికార ముద్ర స్మిత్‌సోనియన్ సంస్థకు చేరాయి.

ఆ పంపకం కేంద్ర కార్యాలయం సొత్తు వరకే. ఊరూరా ఉన్న వేల పోస్టుల పుస్తకాలు ఎక్కడివక్కడే మిగిలాయి. కొన్ని పట్టణ గ్రంథాలయాల్లో, కొన్ని కోర్టు భవనాల నేలమాళిగల్లో, చాలావరకు ఆఖరి కార్యదర్శి ఇంటి అటక మీద. వాటిలో ముఖ్యమైనది సభ్యుల వివరాల పుస్తకం. చేరిన ప్రతి మనిషి వయసు, పుట్టిన ఊరు, వృత్తి, సైన్యంలో చేరిన తేదీ, కంపెనీ, రెజిమెంటు, హోదా, విడుదలైన తేదీ, విడుదలకు కారణం అందులో ఒకే వరుసలో ఉంటాయి. సమావేశాల మినిట్స్, క్వార్టర్‌మాస్టర్ జమాఖర్చులు, సభ్యత్వ దరఖాస్తులు, వితంతువులకూ అనాథలకూ చేసిన సాయం పద్దులు దాని పక్కన ఉంటాయి. సభ్యులు తమ యుద్ధానుభవాలను స్వయంగా చెప్పి రాయించిన పెద్ద సంపుటాలు, ‘పర్సనల్ వార్ స్కెచెస్’ అనేవి, డబ్బున్న కొన్ని పోస్టులకు ఉన్నాయి. ఈ కాగితాలన్నీ ఎవరి దగ్గర, ఎలా ఉండాలన్నదే ఇక్కడ వాదం. రాష్ట్ర ఆర్కైవ్స్ పక్షాన ఒక అధికారిణి, ఊరి పక్షాన చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మాస్టారు మాట్లాడతారు.

అధికారిణి: ఈ పుస్తకాలు రాష్ట్ర ఆర్కైవ్స్‌కో, రాష్ట్ర చరిత్ర సంఘానికో చేరి తీరాలి మాస్టారూ. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల కాగితం ఎక్కువగా కలప గుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లమే దాన్ని లోపలినుంచి కొరుక్కు తింటుంది. పైన రాసిన ఇనుప సిరా మరోవైపునుంచి తింటుంది. వేసవికి ఉడికి, శీతాకాలానికి ఎండిపోయే అటక మీద ఇలాంటి పుస్తకం మూడు తరాలు నిలవదు. చల్లదనం, తేమ ఒకే మట్టులో ఉండే గది కావాలి, పురుగు పట్టకుండా చూసే మనిషి కావాలి, అన్నిటికీ మించి జాబితా కావాలి. ఉన్నట్టు ఎవరికీ తెలియని దస్త్రం లేనిదానితో సమానం. పిట్స్‌బర్గ్ పక్కన కార్నెగీ అనే పట్టణంలో ఆండ్రూ కార్నెగీ కట్టించిన గ్రంథాలయం ఉంది. కెప్టెన్ థామస్ ఎస్పీ పేరిట ఏర్పడ్డ 153వ నంబరు పోస్టు 1906 నుంచి అందులోనే ఒక గదిలో సమావేశమయ్యేది. సభ్యులు పోయారు, గదికి తాళం పడింది. దశాబ్దాలు గడిచాయి. లోపల ఏముందో చూసినవారు లేరు, ఏం పాడైందో అడిగినవారు లేరు. మీరు కోరే ఊరి సంరక్షణ అంటే ఇదేనా?

మాస్టారు: ఆ కథ అక్కడితో అయిపోలేదమ్మా. తాళం తీసినప్పుడు సభ్యులు వదిలి వెళ్లిన వస్తువులు ఆ గదిలోనే ఉన్నాయి. ఏ వస్తువు ఏ యుద్ధభూమి నుంచి వచ్చిందో చెప్పే జాబితాను ఆ సభ్యులే తయారుచేసి పెట్టుకున్నారు. అందుకే 2010లో ఆ గదిని పాత రూపంలోనే మళ్లీ తెరవగలిగారు. అదే సొత్తును అరవై ఏళ్ల కిందట రాజధానికి తరలించి ఉంటే జెండాలు ఒక విభాగానికి, పుస్తకాలు ఇంకో విభాగానికి, ఫొటోలు మూడోదానికి వెళ్లేవి. ఏ గోడ మీద ఏ బొమ్మ ఎందుకు ఉందో చెప్పేవారు ఉండేవారు కాదు. ఇక రాజధాని భద్రత సంగతి చూద్దాం. విస్కాన్సిన్ రాష్ట్రం 1901లో మాడిసన్‌లోని శాసనసభ భవనంలోనే గ్రాండ్ ఆర్మీ స్మారక మందిరం ఏర్పరచింది.  1904 ఫిబ్రవరిలో ఆ భవనం తగలబడింది. 8వ విస్కాన్సిన్ రెజిమెంటు యుద్ధంలో తన వెంట తిప్పుకున్న గద్ద, ఓల్డ్ ఏబ్, చనిపోయాక దాని దేహాన్ని ప్రదర్శనకు నిలబెట్టారు. అదీ ఆ మంటల్లోనే పోయింది.

అధికారిణి: నిప్పు ఊళ్లోనూ అంటుకుంటుంది.

మాస్టారు: అంటుకుంటుంది. కానీ ఊళ్లో అంటుకుంటే ఒక పోస్టు పుస్తకాలు పోతాయి. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది దస్త్రాల కేంద్రం కాలినప్పుడు కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల మంది సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 మొదలు వరకు ఆర్మీనుంచి విడుదలైనవారి కాగితాల్లో నూటికి ఎనభై పాళ్లు అక్కడే పోయాయి. అవి అంతర్యుద్ధానివి కావు, నిజమే. అయినా అన్నిటినీ ఒక్కచోట పోగుచేయడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 1890 జనాభా లెక్కల సంగతీ అంతే. అసలు పత్రాల్లో చాలావరకు 1921లో వాషింగ్టన్‌లో కాలీ తడిసీ చెడిపోయాయి, మిగిలినవాటిని తరువాత ప్రభుత్వమే వదిలించుకుంది. 1890లోనే యూనియన్ మాజీ సైనికులను, వారి వితంతువులను విడిగా లెక్కించిన పట్టీల్లో అలబామా నుంచి కాన్సాస్ దాకా అక్షర క్రమంలో ఉన్న రాష్ట్రాలవి దాదాపు మొత్తం కనిపించకుండా పోయాయి.

అధికారిణి: సెయింట్ లూయిస్‌లో జరిగిన తప్పు పోగుచేయడం కాదు మాస్టారూ. ఆ ఫైళ్లకు రెండో ప్రతి లేకపోవడం, మైక్రోఫిల్మ్ తీయకపోవడం. అదే ప్రభుత్వం అంతకు ముందు శతాబ్దంలో మంచి పనీ చేసింది. అంతర్యుద్ధపు హాజరు పట్టీలు పెన్షన్ విచారణలకోసం తిప్పీ తిప్పీ చిరిగిపోతుంటే, యుద్ధశాఖలో ఫ్రెడ్ ఐన్స్‌వర్త్ అనే వైద్యాధికారి ప్రతి సైనికుడి పేరునూ పట్టీలనుంచి విడి కార్డుల మీదికి ఎక్కించే పద్ధతి పెట్టాడు. ఇవాళ ఎవరైనా తాత ముత్తాత సేవా వివరాలు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌నుంచి తెప్పించుకుంటున్నారంటే అది ఆ కార్డుల పుణ్యమే. వందలమంది గుమస్తాలు ఏళ్ల తరబడి చేసిన పని అది. ఏ ఊరి సంఘం చేయగలదు?

ఆ పనికి మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించారన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. లింకన్ హత్య జరిగిన ఫోర్డ్స్ థియేటర్‌ను ప్రభుత్వం ఈ దస్త్రాల కార్యాలయంగా మార్చింది. 1893 జూన్ 9న అందులోని అంతస్తులు కూలి 22 మంది ఉద్యోగులు చనిపోయారు. సైనికుల పేర్లు నిలబెట్టే పనిలో పోయిన ఈ గుమస్తాల పేర్లు తలచుకునేవారు తక్కువ. తలచుకోవలసినవారు వాళ్లు.

మాస్టారు: రెండో ప్రతి మాట మీరే ఎత్తారు కాబట్టి డోరెన్స్ అట్‌వాటర్ సంగతి చూడండి. జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరసాలలో అతను యూనియన్ ఖైదీ. చనిపోతున్న ఖైదీల పేర్లు రాసే పని ప్రత్యర్థి పక్షమైన కాన్ఫెడరేట్ అధికారులు అతనికి అప్పగించారు. ఆ జాబితా యూనియన్ చేతికి చేరదన్న అనుమానంతో అతను రహస్యంగా రెండో ప్రతి రాసుకున్నాడు. దాదాపు పదమూడు వేల పేర్లు. యుద్ధం ముగిశాక 1865 వేసవిలో నర్సు క్లారా బార్టన్‌తో కలిసి అక్కడికి వెళ్లి, ఆ ప్రతి ఆధారంగానే సమాధులకు పేర్లు పెట్టించాడు. పేరు తెలియని సమాధులు ఐదు వందల లోపే మిగిలాయి. ఇంత చేసిన మనిషికి అతని సొంత ప్రభుత్వం ఏం చేసింది? ఆ జాబితా తనదేనంది, అతను దాన్ని తిరిగి తీసుకున్నందుకు దొంగతనం నేరం మోపి సైనిక న్యాయస్థానంలో శిక్ష వేసి జైలుకు పంపింది. బయటికొచ్చాక 1866లో న్యూయార్క్ ట్రిబ్యూన్ ద్వారా ఆ పేర్లు అచ్చయ్యాయి. దస్త్రం ప్రభుత్వానికి మాత్రమే చెందిందనుకున్న రోజున కుటుంబాలకు కబురు ఆగిపోతుంది.

అధికారిణి: అట్‌వాటర్‌కు జరిగింది అన్యాయమే, దాన్ని సమర్థించను. కానీ అతని జాబితా ఎందుకు నమ్మదగింది? చావు జరిగిన రోజునే రాసింది కాబట్టి. పోస్టుల్లోని వార్ స్కెచెస్ అలాంటివి కావు. పాతికేళ్ల తరువాత, తోటివారి ఎదుట, అందమైన తోలు అట్ట పుస్తకంలో చేర్చడానికి చెప్పిన కథలు అవి. వూల్సన్ సంగతే తీసుకోండి. చనిపోయినప్పుడు అతని వయసు 109 ఏళ్లని దేశమంతా రాసింది. తరువాత జనాభా లెక్కలు పరిశీలించినవారు 106 అని తేల్చారు. 1864లో మిన్నెసోటా ఫిరంగి దళంలో డ్రమ్ము వాయించే కుర్రవాడిగా చేరాడు, యుద్ధరంగం చూడలేదు. అతను అబద్ధమాడాడని అననక్కర్లేదు. జ్ఞాపకానికి అలాంటి వాలు ఉంటుంది. అటుపక్క ఆఖరి కాన్ఫెడరేట్ సైనికుడిగా 1959లో టెక్సాస్‌లో ఘనంగా అంత్యక్రియలు జరిపించుకున్న వాల్టర్ విలియమ్స్ యుద్ధకాలంలో పసివాడని జనాభా లెక్కలే చెబుతున్నాయి. సంఘం చెప్పుకున్న కథను సంఘం చేతిలోనే ఉంచితే దాన్ని సరిచూసేదెవరు?

మాస్టారు: ప్రభుత్వ కాగితం మాత్రం స్వచ్ఛమా? 1890 పెన్షన్ చట్టం ప్రకారం తొంభై రోజులు సైన్యంలో పనిచేసి, ఒళ్లు వంచి బతకలేని స్థితిలో ఉన్నవాడికి, ఆ జబ్బు యుద్ధం వల్ల వచ్చింది కాకపోయినా పెన్షన్ దొరికింది. ఆ చట్టంకోసం పట్టుబట్టింది గ్రాండ్ ఆర్మీయే. అప్పటినుంచి పెన్షన్ ఫైళ్లు తోటి సైనికుల ప్రమాణపత్రాలతో నిండిపోయాయి. ఇరుగుపొరుగువాళ్లు, ఊరి డాక్టరు, భార్య అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. డబ్బు అవసరం అక్కడా మాటను వంచుతుంది. నా మాట ఇంతే. ఫైలులో పెన్షన్‌కోసం తన రోగాన్ని చెప్పుకున్న మనిషే, పోస్టు పుస్తకంలో తన ధైర్యాన్ని చెప్పుకున్నాడు. ఒకటి లేకపోతే రెండోదాన్ని చదవడం రాదు.

ఇక్కడ ఇద్దరి మాటలూ దగ్గరపడుతున్నాయి. ఒకే మనిషి గురించి వేర్వేరు చేతులు, వేర్వేరు అవసరాలతో రాసిన కాగితాలు రెండూ మిగిలితేనే అతని జీవితం పాఠకుడికి అందుతుంది. గ్రాండ్ ఆర్మీ చరిత్రలో దీనికి అన్నిటికంటే బలమైన ఉదాహరణ నల్లజాతి సభ్యులది.

అధికారిణి: ఊరి సంరక్షణలో ఎవరి జ్ఞాపకం మిగులుతుంది మాస్టారూ? ఊళ్లో బలం, భవనం ఉన్నవారిది. యుద్ధం చివరి నాటికి యూనియన్ సైన్యంలో దాదాపు లక్షా ఎనభై వేలమంది నల్లజాతి సైనికులు పనిచేశారు. వాళ్లూ గ్రాండ్ ఆర్మీలో చేరారు. పిట్స్‌బర్గ్‌లో కర్నల్ రాబర్ట్ షా పేరుమీద 206వ పోస్టు వాళ్లదే. దక్షిణాదిలో మాత్రం తెల్ల సభ్యులు వాళ్లను వేరే డిపార్ట్‌మెంట్‌కు నెట్టాలని చూశారు. 1891లో డెట్రాయిట్ మహాసభ ఆ కోరికను తోసిపుచ్చింది. అయితే దక్షిణాది నల్లజాతి పోస్టుల పుస్తకాలకు గ్రంథాలయ గది దొరకలేదు, చట్టసభ నిధులు రాలేదు. చాలావరకు ఎవరి ఇంట్లోనో ఉండి ఆ ఇంటితోపాటే పోయాయి. కార్నెగీ లాంటి గదిని చూపించి ఊరు కాపాడిందంటే, గదులే లేనివారి సంగతి మరచినట్టు.

మాస్టారు: ఈ మాటకు నేను ఎదురు చెప్పను. అయినా ఒకటి చేర్చాలి. బార్బరా గ్యానన్ అనే చరిత్రకారిణి 2011లో వచ్చిన తన పుస్తకం ‘ది వన్ కాజ్’లో నల్లవారూ తెల్లవారూ ఒకే పోస్టులో కూర్చున్న ఊళ్లు ఎన్నో ఉన్నాయని చూపింది. అంతవరకు చాలామంది చరిత్రకారులు అలాంటివి అరుదనుకున్నారు. ఫలానా ఊళ్లో ఫలానా సభ్యుడు నల్లవాడన్న సంగతి సంఘం పై స్థాయి నివేదికల్లో కనపడదు. చిన్న పోస్టుల సభ్యుల పేర్లను జనాభా లెక్కలతో సరిపోల్చితేనే తేలుతుంది. అందుకే ఊరి పుస్తకం ఎంత చిన్నదైనా పారేయకూడదంటాను.

అధికారిణి: పారేయమన్నది ఎవరు? ఇవ్వమంటున్నాను.

మాస్టారు: స్త్రీల పనినీ చూడండి. 1883లో గ్రాండ్ ఆర్మీకి అనుబంధంగా గుర్తింపు పొందిన వుమన్స్ రిలీఫ్ కోర్ వితంతువుల సాయంతో ఆగలేదు. ఇందాక చెప్పిన ఆండర్సన్‌విల్ చెరసాల స్థలాన్ని జార్జియా గ్రాండ్ ఆర్మీ కొన్నది. దాని నిర్వహణ భారం మోయలేక 1896లో వీళ్లకు అప్పగించింది. వీళ్లు దాన్ని సంరక్షించి 1910లో ప్రభుత్వానికి దానం చేశారు. ఆ భూమి ఇవాళ జాతీయ చారిత్రక స్థలం. పద్ధతి చూశారా? సంఘం చేతిలో శక్తి ఉన్నప్పుడే, షరతులు రాసి, నిలకడగల సంస్థకు అప్పగించారు. ప్రభుత్వం వచ్చి గుంజుకోలేదు.

అధికారిణి: అదే నా మాట కూడా. షికాగోలో 1897లో తెరిచిన ప్రజా గ్రంథాలయ భవనంలో మొదటినుంచే గ్రాండ్ ఆర్మీకి హాలు కేటాయించారు. సభ్యులు తగ్గిపోయాక వస్తువులు, కాగితాలు గ్రంథాలయానికే మిగిలాయి. గ్రంథాలయం 1991లో కొత్త భవనానికి మారినా సేకరణ ఇప్పటికీ దాని ప్రత్యేక విభాగంలోనే ఉంది. అందంగా తీర్చిన ఆ హాలేమో పాత భవనంలో నిలిచి ఉంది. హాలు ఒకచోట, కాగితం ఒకచోట. మీకు కష్టంగా ఉన్నా, అక్కడ ఏదీ పోలేదు.

మాస్టారు: కష్టంగానే ఉంది. పోలేదన్నది మాత్రం ఒప్పుకుంటాను.

తరలింపుకూ తాళానికీ నడుమ మూడో దారి ఒకటి వాడుకలో ఉంది. గ్రాండ్ ఆర్మీకి చట్టబద్ధ వారసులుగా 1954లో కాంగ్రెస్ గుర్తింపు పొందిన సన్స్ ఆఫ్ యూనియన్ వెటరన్స్ సంఘం పోస్టుల దస్త్రాలను తన దగ్గరికి లాక్కోలేదు. ఏ నంబరు పోస్టు ఏ ఊరిది, ఎప్పుడు ఏర్పడింది, ఎప్పుడు మూతపడింది, దాని పుస్తకాలు ఇప్పుడు ఏ సంస్థ దగ్గర ఉన్నాయి అన్న పట్టికలు మాత్రం తయారుచేస్తూ వస్తోంది. వాస్తవంలో పరిశోధకుడికి మొదట కావలసింది ఈ పట్టికే. కాగితం తరవాత సంగతి.

ఆ దారిలో ఊళ్లో చేయవలసిన పనిమీద ఇద్దరికీ పేచీ లేదు. పుస్తకాన్ని దొరికిన వరుసలోనే ఉంచాలి. కార్యదర్శి కట్టిన కట్టను విడదీసి అంశాలవారీగా పేర్చితే ఏ కాగితం దేనికి జవాబో తెలియకుండా పోతుంది. చిరుగులకు సెల్లోటేపు అంటించకూడదు, లామినేషన్ చేయించకూడదు. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు నెమ్మదిగా తీసేయాలి. ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టి, పెన్సిలుతో పోస్టు పేరు, నంబరు, సంవత్సరాలు రాయాలి. ప్రతి పేజీ ఫొటో తీసి, ఒక ప్రతి ఊళ్లో, ఒకటి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, వీలైతే మూడోది ఇంకో ఊళ్లో ఉంచాలి. ఫొటోల వెనక పేర్లు రాసి లేకపోతే ఊళ్లో ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఈ చివరి పని అన్నిటికంటే తొందరది. తక్కినవన్నీ పదేళ్లు ఆలస్యమైనా చేయవచ్చు.

ఇంకో విషయంలోనూ ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు. దస్త్రాలు ఎక్కువగా పోయింది మంటల్లో కాదు. ఆఖరి కార్యదర్శి చనిపోయిన రోజుకూ, వారసులు ఇల్లు ఖాళీ చేసిన రోజుకూ మధ్య ఉన్న కొన్ని నెలల్లో పోయాయి. కాబట్టి సభ్యుల్లో సంతకం పెట్టగలిగినవారు ఉండగానే దానపత్రం రాయాలి. ఏ పుస్తకాలు ఇస్తున్నారు, ఎవరికి, వాటిని ఎవరు చూడవచ్చు, పుచ్చుకున్న గ్రంథాలయం మూతపడితే తరువాత ఎవరికి చెందుతాయి అన్నవి అందులో ఉండాలి. చివరి నిబంధనను రాయడం చాలామంది మరిచిపోతారు. తొలి గ్రహీత మూతపడ్డాక పుస్తకాలు పాతసామాను వేలానికి చేరేది అందువల్లే. ఇవాళ రెండో ప్రపంచయుద్ధపు సంఘాలు గ్రాండ్ ఆర్మీ 1940లలో ఉన్న స్థితిలో ఉన్నాయి. 2000లో కాంగ్రెస్ చట్టంతో మొదలైన వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు మాజీ సైనికుల గొంతులు రికార్డు చేసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తోంది. అది వ్యక్తుల కథలకు ఇల్లు. సంఘాల మినిట్స్ పుస్తకాలకు దానపత్రం వాటి సభ్యులే రాయాలి.

అధికారిణి: దానపత్రంలో మూలప్రతి ఆర్కైవ్స్‌కే అని రాయించమంటాను. సిరా రంగు, కొట్టివేతలు, పేజీ మధ్య చేర్పులు ఫొటోలో పూర్తిగా అందవు. వాటిని కాపాడేది చల్లని గదే.

మాస్టారు: వార్ స్కెచెస్ సంపుటం మాత్రం ఊళ్లోనే ఉండాలి. దాన్ని ఆ పోస్టు కోసమే రాశారు, ఆ ఊరి గ్రంథాలయం గాజు పెట్టెలోనే పిల్లలు తమ ఇంటిపేరు వెతుక్కుంటారు. వివరాల పుస్తకం, జమాఖర్చులు, దరఖాస్తులు మీకు ఇస్తాను.

అధికారిణి: ఏడాదిలో కొన్నాళ్లు వెలుగు పడకుండా మూసి ఉంచి, రోజుకో పేజీ తిప్పుతానంటే సంపుటం మీ దగ్గరే ఉంచుకోండి. గది, గ్రంథాలయం ఏవీ లేని పోస్టులవి, ముఖ్యంగా దక్షిణాది నల్లజాతి పోస్టులవి ఎక్కడ బయటపడినా మూలప్రతులతో సహా మాకే రావాలి.

మాస్టారు: అందుకు ఒప్పుకుంటాను. కాకపోతే వాటి ప్రతి ఒకటి, అవి బయటపడిన ఊరికి ఖర్చు లేకుండా పంపాలి.

అధికారిణి: పంపుతాం. దానపత్రంలో అదీ రాయించండి.